మధ్యకాలం ఎవరి ఖాతాలో?

(జస్టిస్ కోకా సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



కోకా సుబ్బారావుగారి పేరున మాట్లాడమంటే ఎవరైనా గోలక్‌నాథ్ కేసు ఎత్తుకుంటారు. లేదా ఖరక్‌సింగ్ కేసులో ఆయన రాసిన భిన్నాభిప్రాయాన్ని, 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సరైనదని ఒప్పుకున్న తీరును తలుచుకుంటారు. నేను ఆ జోలికి పోవడం లేదు. రాజ్యాంగం మీద నాకంటే బాగా మాట్లాడగలవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నా ప్రాక్టీసంతా సివిల్ సైడు. నోటు దావాలు, సరుకు బాకీలు, కాంట్రాక్టు బిల్లులు, ఇవే నా లోకం. అయితే 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న ఆ మనిషి, అంతకు చాలా ఏళ్ల ముందు కొద్దికాలం బాపట్లలో డిస్ట్రిక్ట్ మున్సిఫ్‌గా పనిచేశారు. మున్సిఫ్ బెంచి మీదికి తరచూ వచ్చే ఒక కాగితం గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను. తీర్పుకు ముందు జప్తు కోరే మధ్యంతర దరఖాస్తు. కోర్టు ఆవరణలో మనం ఏబీజే అనేది.

సంగతి అందరికీ తెలిసిందే. వాది దావా వేశాడు, తనకు ఇంత రావాలన్నాడు. ప్రతివాది ఇంకా కోర్టు గడప తొక్కలేదు. సరుకు నాసిరకమనో, కొలతల్లో తేడా ఉందనో, పని సగంలో వదిలేశారనో అతను చెప్పుకోవలసింది మిగిలే ఉంది. సాక్షులెవరూ బోనెక్కలేదు. వాది భయమల్లా తీర్పు వచ్చేనాటికి ఇతగాడి దగ్గర చిల్లిగవ్వ మిగలదేమోనని. అందుకని ఖాతాలో ఉన్న సొమ్మును ఇప్పుడే కదలకుండా ఆపమంటాడు. ఆ భయం నిజమైనప్పుడు ఆపకపోతే అన్యాయం, అది నటనైనప్పుడు ఆపితే అన్యాయం. రెండింటిలో ఏదో తేల్చడానికి జడ్జిగారి ముందున్నది ఒక అఫిడవిట్టు, పది నిమిషాల వాదన.

ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు మన జిల్లాలవాళ్లకు లేదు. 'ఐ.పి. పెట్టాడు' అనే మాట వకీళ్ల దగ్గరే కాదు, టీకొట్టు దగ్గర కూడా వినబడుతుంది. మిర్చి కొన్న వ్యాపారి, చీటీలు నడిపిన పెద్దమనిషి, పత్తి అరువుకు తీసుకున్న ఏజెంటు ఒక తెల్లవారుజామున తాళం వేసి వెళ్లిపోతారు. తర్వాత దివాలా పిటిషన్ నోటీసులో రైతులు తమ పేర్లు వరసగా చూసుకుంటారు. మన దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అన్నది. దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత, 2021లో, రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఎగ్జిక్యూషన్ పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చమని ఆదేశించవలసి వచ్చిందంటే ఆ కష్టాలు తీరలేదనే అర్థం. కాబట్టి ఏబీజే అక్కర్లేదనడం నా వాదన కాదు. దావాకూ తీర్పుకూ మధ్యనున్న కాలంలో పొరపాటు జరిగితే దాని ఖరీదు ఎవరు మోస్తున్నారనేదే నా ప్రశ్న.

ఒకప్పుడు జప్తు అంటే ఊరంతా చూసేది. అమీనా వచ్చేవాడు, ధాన్యం బస్తాలు లెక్కపెట్టేవాడు, తలుపుకు కాగితం అంటించేవాడు. ఇప్పుడు ఉత్తర్వు బ్యాంకు బ్రాంచికి పోతుంది. వీధిలో ఎవరికీ తెలియదు గానీ దెబ్బ మాత్రం పదింతలు తగులుతుంది. బ్యాంకులో ఉన్నదాన్ని మన డబ్బు అంటాం. చట్టం లెక్కలో అది బ్యాంకు మనకు పడ్డ బాకీ. 1848లోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ ఫోలీ, హిల్ కేసులో ఇది తేల్చింది. కాబట్టి ఖాతా జప్తు అంటే బాకీదారుడికి బాకీపడ్డవాణ్ణి పట్టుకోవడం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 46 చెప్పేది అదే: బ్యాంకు చెల్లించకూడదు, ఖాతాదారు తీసుకోకూడదు. ఇందులో చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. మన మిల్లులు నడిచేది ఎక్కువగా క్యాష్ క్రెడిట్ ఖాతాల మీద. ఆ ఖాతాలో మిల్లే బ్యాంకుకు బాకీ. వాడుకోని లిమిట్ అనేది మిల్లుకు బ్యాంకు పడ్డ బాకీ కాదు, అంటే అక్కడ జప్తు చేయడానికి ఏమీ లేదు. అయినా పిటిషన్ షెడ్యూల్లో ఆ ఖాతా నంబరే రాస్తాం, బ్రాంచిలో ఎందుకొచ్చిన గొడవని మొత్తానికి హోల్డ్ పెడతారు. అది తప్పని కోర్టుకు చెప్పుకునేసరికి సీజన్ దాటిపోతుంది.

ఇక అసలు కథ. దీనికి 1975 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది ఒకే సమస్య మీద రెండు దేశాల పై కోర్టులు ఎదురెదురు దిక్కులకు నడిచాయి.

లండన్‌తో మొదలుపెడతాను. మరేవా అనే ఓడ. దాని యజమానులు ఓడను ఒక కంపెనీకి అద్దెకిచ్చారు. రోజుకు 3,850 డాలర్లు, నెలలో రెండుసార్లు ముందుగా చెల్లించాలి. అద్దెకు తీసుకున్న కంపెనీ ఆ ఓడను మరొకరికి తిరిగి అద్దెకిచ్చింది. ఆ మరొకరెవరో తెలుసా? భారత రాష్ట్రపతి. మన కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టులన్నీ రాష్ట్రపతి పేరునే ఉంటాయి కదా. ఫ్రాన్సులోని బోర్డో రేవు నుంచి మన దేశానికి ఎరువులు రావాలి. లండన్‌లోని మన హైకమిషన్ ఒప్పందం ప్రకారం కిరాయిలో తొంభై శాతం, 1,74,000 పౌండ్లు, ఆ కంపెనీ ఖాతాలో జమ చేసింది. కంపెనీ అందులోంచి ఓడ యజమానులకు రెండు వాయిదాలు కట్టి మూడోది ఎగ్గొట్టింది. ఇక మా వల్ల కాదని టెలెక్స్ కొట్టింది. ఓడ నడిసముద్రంలో ఉంది, దాని నిండా మన ఎరువులు ఉన్నాయి, లండన్ బ్యాంకులో ఇంకా డబ్బు ఉంది. ఒక్క టెలెక్స్ చాలు, ఆ డబ్బు ఏ దేశానికో ఎగిరిపోతుంది.

అప్పటి ఇంగ్లిషు న్యాయం ప్రకారం ఓడ యజమానులు చూస్తూ కూర్చోవలసిందే. 1890లో లిస్టర్, స్టబ్స్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు గట్టిగా చెప్పింది: బాకీ ఉందని కోర్టు తేల్చకముందే ప్రతివాది ఆస్తిని కట్టిపడేసే అధికారం మాకు లేదు. 85 ఏళ్లు అదే వేదవాక్యం. జడ్జి డొనాల్డ్‌సన్‌కు ఆ పాత తీర్పు అడ్డుగా కనిపించి, సంశయిస్తూనే కొద్ది రోజులకు మాత్రం ఉత్తర్వు ఇచ్చాడు. 1975 జూన్ 23న అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్, మరో ఇద్దరు న్యాయమూర్తులు దాన్ని పొడిగించారు. అంతకు నెల ముందే జపాన్ ఓడల కంపెనీ ఒకటి గ్రీకు బాకీదారుల మీద తెచ్చిన కేసులో డెన్నింగ్ ఈ తలుపు తీసి ఉంచాడు. రెండు కేసుల్లోనూ ఆయన ముందుకు వచ్చింది వాది పక్షం ఒక్కటే. ప్రతివాది తరఫున నోరెత్తినవాడు లేడు. ఇంగ్లిషు వాణిజ్య న్యాయంలో ఇరవయ్యో శతాబ్దపు పెద్ద మార్పుల్లో ఒకటి ఇలా ఏకపక్ష వాదనతో వచ్చింది! (జూన్ 23 తర్వాత రెండు రోజులకే మన రాష్ట్రపతి పేరున ఇంకో కాగితం మీద, అత్యవసర పరిస్థితి ప్రకటన మీద, సంతకం పడింది. దాని గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.)

డెన్నింగ్‌ను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ రోజున ఆ ఓడ యజమానికి న్యాయం జరిగింది. పైగా ఇంగ్లిషువాళ్లు తలుపు తీశాక పదేళ్లపాటు ఊరికే కూర్చోలేదు, ఒక్కో కేసులో ఒక్కో గొళ్లెం బిగించారు. వాది తనకు ప్రతికూలమైన సంగతులు కూడా దాచకుండా కోర్టు ముందు పెట్టాలన్నారు. దావా బలంగా కనిపిస్తే చాలదు, సొమ్ము దాటించే ప్రమాదం ఉందని విడిగా చూపాలన్నారు. ఇదే డొనాల్డ్‌సన్ తర్వాతి కాలంలో ఈ ఉత్తర్వును న్యాయశాస్త్రపు అణ్వాయుధాల్లో ఒకటిగా వర్ణించాడు. తొలినాళ్లలో దాన్ని వాడినవాడే ఆ మాట అన్నాడని గుర్తుంచుకోవాలి.

నాకు వీటన్నిటిలో బాగా నచ్చింది ఏంజెల్ బెల్ కేసు. 1980లో జడ్జి రాబర్ట్ గాఫ్ ముందుకు వచ్చింది. సొమ్ము స్తంభించిన కంపెనీ ఒకటి, మరొకరి దగ్గర మామూలుగా తీసుకున్న అప్పును అందులోంచి తీర్చడానికి అనుమతించాలన్న దరఖాస్తు అది. ఇస్తే నాకేం మిగులుతుందని వాది గొడవ. గాఫ్ అనుమతి ఇచ్చాడు. ఈ ఉత్తర్వు వాదిని తాకట్టుదారుణ్ణి చేయడానికి కాదు, ప్రతివాది సొమ్ము దాచేయకుండా ఆపడానికి మాత్రమే. మామూలు వ్యాపారంలో మామూలు అప్పు తీర్చుకోవడం దాచేయడం కాదు. అప్పటి నుంచి అక్కడి ఉత్తర్వుల్లో కొన్ని మినహాయింపులు అచ్చులోనే ఉంటాయి: ఇంటి ఖర్చు, వకీలు ఫీజు, వ్యాపారంలో రోజువారీ చెల్లింపులు. వీటితోపాటు వాది కోర్టుకు ఒక హామీ ఇవ్వాలి. ఈ ఉత్తర్వు ఇవ్వకుండా ఉండవలసిందని రేపు తేలితే, దానివల్ల ప్రతివాదికి జరిగిన నష్టం నేను భరిస్తాను అని. ఆ హామీ లేనిదే సాధారణంగా ఉత్తర్వు లేదు.

ఇప్పుడు అట్లాంటిక్ దాటుదాం. మరేవాకు ఐదు నెలల ముందు, 1975 జనవరిలో, అమెరికా సుప్రీంకోర్టు నార్త్ జార్జియా ఫినిషింగ్ కేసు తేల్చింది. జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊరు, తివాచీ మిల్లులకు పేరు. అక్కడి ఒక కంపెనీ రసాయనాలు కొన్నది, అమ్మినవాడు తనకు 51,279 డాలర్ల 17 సెంట్లు రావాలని దావా వేశాడు. మన కోర్టుల్లో రోజూ చూసే సరుకు బాకీ దావాయే. బాకీ రాకుండా పోతుందేమోనని భయంగా ఉందంటూ అమ్మిన కంపెనీ అధ్యక్షుడు ఒక అఫిడవిట్టు ఇచ్చాడు. కోర్టు క్లర్కు ముద్ర వేశాడు, బ్యాంకు ఖాతా ఆగిపోయింది. జడ్జి కంటికి కాగితమే పోలేదు. అక్కడి చట్టం వాదిని బాకీకి రెట్టింపు మొత్తానికి బాండు ఇమ్మన్నది కూడా. అయినా ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసింది. జడ్జి చూడకుండా, కారణాలు చెప్పకుండా, వెంటనే విచారణ లేకుండా ఒకరి ఖాతా ఆపకూడదని జస్టిస్ వైట్ రాశాడు. ఆరేళ్ల ముందు స్నియాడాచ్ కేసులో ఒక ఉద్యోగిని జీతం విషయంలో ఇదే సూత్రం చెప్పారు. అక్కడ గొడవంతా 420 డాలర్ల నోటు మీద. జీతగాళ్లకే కాదు, కంపెనీకీ ఆ రక్షణ ఉంటుందన్నది డాల్టన్ కేసులో కొత్త. 1999లో ఇంకో అడుగు వేసి, ఉత్త డబ్బు బాకీ దావాల్లో మరేవా తరహా ఉత్తర్వు ఇచ్చే అధికారమే ఫెడరల్ కోర్టులకు లేదన్నారు. ఐదుగురికి నలుగురు. మెక్సికోలో టోల్ రోడ్లు వేసే కంపెనీ కేసు అది. నలుగురి పక్షాన జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసిన భిన్నాభిప్రాయం చదవదగ్గది. పద్దెనిమిదో శతాబ్దపు కోర్టు చేయలేదు కాబట్టి నేటి కోర్టు చేయకూడదనడం, డబ్బు క్షణాల్లో దేశాలు దాటే కాలంలో కుదరని వాదన. ఆ విషయంలో నేను ఆమె వైపే.

మన సంగతి చూద్దాం. ఇంగ్లండులో 1890లో 'మాకు అధికారం లేదు' అని పెద్ద కోర్టు చేతులెత్తేసిన రోజున, ఆ అధికారం మచిలీపట్నం కోర్టుకు ఉంది. 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే తీర్పుకు ముందు జప్తు ఉంది. సొంత దేశంలో వద్దనుకున్న ఆయుధాన్ని వలస దేశంలో ఎందుకు ఇచ్చారో ఎవరైనా పరిశోధక విద్యార్థి రాస్తే చదవాలని నా కోరిక. 1908 కోడ్‌లో అది ఆర్డర్ 38 రూల్ 5 అయింది. ప్రతివాది రేపటి డిక్రీ అమలును అడ్డుకునే ఉద్దేశంతో ఆస్తిని అమ్మేయబోతున్నాడని గానీ, కోర్టు పరిధి దాటించబోతున్నాడని గానీ కోర్టుకు నమ్మకం కలగాలి. అప్పుడు కూడా నేరుగా జప్తు కాదు. సెక్యూరిటీ ఇవ్వు, లేదా ఎందుకు ఇవ్వనక్కర్లేదో వచ్చి చెప్పుకో అని ముందు నోటీసు.

రాత బాగుంది. నడక వేరుగా సాగింది. నోటీసు లేకుండానే జప్తు ఉత్తర్వులు పోయేవి. సుబ్బారావుగారు కన్నుమూసిన 1976లోనే పార్లమెంటు కోడ్‌ను సవరించి రూల్ 5కు నాలుగో ఉపనిబంధన చేర్చింది: మొదటి ఉపనిబంధన పాటించకుండా చేసిన జప్తు చెల్లదు. అదే సవరణ, బాకీదారుడికి బాకీపడ్డవాణ్ణి నేరుగా కోర్టుకు రప్పించే గార్నిషీ నిబంధనలను కూడా కోడ్‌లోకి తెచ్చింది. లండన్ తలుపు తీసింది, వాషింగ్టన్ మూసింది, ఢిల్లీ తలుపు దగ్గర కాపలా పెట్టింది, అన్నీ రెండేళ్లలోపే.

ఆ కాపలాకు ఒక సందు ఉంది. మూడో ఉపనిబంధన ప్రకారం షోకాజ్ నోటీసుతోపాటే షరతులతో కూడిన జప్తు కూడా వేయవచ్చు. దీంతో జరిగేదేమిటంటే, నోటీసూ జప్తూ ఒకే రోజు బయలుదేరతాయి. బ్యాంకుకు ఉత్తర్వు ముందు చేరుతుంది, ప్రతివాదికి నోటీసు తర్వాత చేరుతుంది. అతను వకాలతు వేసి, కౌంటరు వేసి, వాదనకు వచ్చేసరికి మూడు నాలుగు వాయిదాలు. ధాన్యం బస్తాలకైతే మూడు వాయిదాలు పెద్ద లెక్క కాదు. ఖాతాకు అలా కాదు. నేనెరిగిన ఒక జిన్నింగ్ మిల్లు సంగతి చెబుతాను, పేర్లు అక్కర్లేదు. పత్తి సీజన్ మధ్యలో విడిభాగాలు అమ్మినవాడితో గొడవ. కొన్న సామాను పనిచేయలేదని మిల్లు, బిల్లు కట్టమని అతను. ఖాతా ఆగింది. ఆగవలసింది దావా మొత్తం మేరకే, బ్రాంచిలో మాత్రం ఖాతా మొత్తానికి హోల్డ్ పెట్టారు. కరెంటు బిల్లు వెనక్కి వచ్చింది, పత్తి ఇచ్చిన రైతుల చెక్కులు వెనక్కి వచ్చాయి, ఆ వెనక చెక్కు బౌన్సుకు సెక్షన్ 138 నోటీసులు వచ్చాయి. కూలీల వారపు డబ్బులకు యజమాని చేబదులు కోసం ఊరంతా తిరిగాడు. ఆఖరికి వాది అడిగినంతా కాకపోయినా చాలావరకు ఇచ్చి రాజీపడ్డాడు. ఆ సామాను పనిచేసిందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు.

ఇక్కడ కూలీల విషయం ఒక క్షణం ఆగి చూడండి. కూలీ తానే బాకీపడితే కోడ్‌లోని సెక్షన్ 60 అతని వేతనాన్ని జప్తు కాకుండా కాపాడుతుంది. ఉద్యోగి పెన్షన్, గ్రాట్యుటీలకు కూడా రక్షణ ఉంది. ఆ సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మార్చుకున్నా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు రాధేశ్యామ్ గుప్తా కేసులో అన్నది. కానీ బాకీపడింది యజమాని అయితే, కూలీలకివ్వడానికి అతని ఖాతాలో పెట్టిన డబ్బుకు ఏ రక్షణా లేదు. తన అప్పు నుంచి కాపాడే చట్టం ఆ కూలీని ఇంకొకరి అప్పు నుంచి కాపాడదు. ఏంజెల్ బెల్ మినహాయింపు మన ఉత్తర్వుల్లో ఎవరూ రాయరు. రాయకూడదని చట్టంలో ఎక్కడా లేదు.

కోర్టులకు ఇది తెలియక కాదు. రామన్ టెక్, సోలంకి ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదానికంటే స్పష్టంగా చెప్పడం కష్టం. తాకట్టు లేని అప్పును తాకట్టు అప్పుగా మార్చడం రూల్ 5 పని కాదన్నది. దావా పడినంత మాత్రాన ప్రతివాది తన ఆస్తితో వ్యవహారాలు ఆపుకోనక్కర్లేదని, వ్యాపారం ఒక చోటి నుంచి మరో చోటికి మార్చుకోవడమే జప్తుకు కారణం కాదని చెప్పింది. కొందరు వాదులు లేనిపోని మొత్తాలకు దావాలు వేసి, జప్తును చూపించి రాజీకి మెడలు వంచుతున్నారని కూడా గుర్తించింది. ఈ తీర్పును ప్రతి ఏబీజే వాదనలో ఎవరో ఒకరు ఉదహరిస్తారు. అఫిడవిట్టు మాత్రం మారదు. ప్రతివాది తన ఆస్తులను 'అమ్మివేయుటకు ప్రయత్నించుచున్నాడని విశ్వసనీయముగా తెలియవచ్చినది'. ఎవరికి అమ్ముతున్నాడు, ఎప్పుడు, ఎవరు చెప్పారు? ఆ గళ్లు ఖాళీ. ఈ వాక్యాన్ని నేను కూడా ఎన్నో పిటిషన్లలో రాశాను, ఈ హాల్లో రాయనివారు తక్కువ.

ఆర్బిట్రేషన్ దారిలో పోతే పరిస్థితి ఇంకా పలచన. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద మధ్యంతర రక్షణ కోరవచ్చు. అక్కడ రూల్ 5 కొలతలు వర్తిస్తాయా? 2022 సెప్టెంబరు 14న ఎస్సార్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు, సెక్షన్ 9 కోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ప్రతి మెలికకూ కట్టుబడనక్కర్లేదని, దావా బలంగా ఉంటే చాలునన్న ధోరణిలో చెప్పింది. అదే నెల 30న సంఘీ ఇండస్ట్రీస్ కేసులో, రూల్ 5 షరతులు తీరనిదే సొమ్ము జమ చేయమనడం కుదరదన్నది. రెండూ ఇద్దరు న్యాయమూర్తుల బెంచీలే, మధ్యలో పదహారు రోజులు. సంఘీ అంటే అప్పట్లో మన హయత్‌నగర్ దగ్గరి సంఘీనగర్ వాళ్లది. తగాదా మాత్రం కచ్‌లోని వాళ్ల ఫ్యాక్టరీలో కేబుళ్ల పని మీద. ఇప్పుడు హైకోర్టుల్లో వాది ఎస్సార్ చదువుతాడు, ప్రతివాది సంఘీ చదువుతాడు. నా మట్టుకు సంఘీ వైపే మొగ్గు. దావా ఎంత బలమైనదైనా అది డిక్రీ కాదు. దారి మారితే పరీక్ష మారడమెందుకు?

పక్కదారులు ఇంకా ఉన్నాయి, క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ ప్రకారం దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, తక్షణ మధ్యంతర ఉపశమనం కావాలంటే తప్ప. దాంతో మధ్యవర్తిత్వం తప్పించుకోవడానికే ఏబీజే జతచేయడం మొదలైంది. అది నిజమైన అవసరమో ముసుగో చూడమని సుప్రీంకోర్టు యామినీ మనోహర్ కేసులో కోర్టులకు చెప్పింది. ఇంకో దారి పోలీస్ స్టేషన్ గుండా పోతుంది. కాంట్రాక్టు గొడవను చీటింగ్ ఫిర్యాదుగా మార్చి, దర్యాప్తు పేరున ఖాతా ఆపించడం. బ్యాంకు ఖాతా కూడా పోలీసులు స్వాధీనం చేసుకోగల 'ఆస్తి'యేనని 1999లో తాపస్ నియోగి కేసు తేల్చాక ఆ దారి వెడల్పయింది. అక్కడ వాది ఏ బాండూ ఇవ్వడు, కోర్టు ఫీజు కూడా కట్టడు.

ఇక పొరపాటు ఖరీదు. మన కోడ్‌లో దానికి సెక్షన్ 95 ఉంది. సరైన కారణం లేకుండా జప్తు చేయించినా, తగిన ఆధారం లేకుండా వేసిన దావా ఓడిపోయినా, ప్రతివాదికి కోర్టు పరిహారం ఇప్పించవచ్చు. ఎంత? 1908లో గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి అలాగే తొంభై ఏళ్లు దాటింది. 1999 సవరణ దాన్ని యాభై వేలు చేసింది, 2002 జులైలో అది అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి యాభై వేలే. కోట్ల రూపాయల ఖాతా ఏడాదిపాటు ఆగినా ఈ సెక్షన్ కింద యాభై వేలే. పైగా ఒకసారి ఆ సెక్షన్ కింద పరిహారం దరఖాస్తు తేలితే, ఆ జప్తు మీద పరిహారానికి వేరే దావా వేసే హక్కు పోతుంది. నష్టం ఎక్కువైతే విడిగా దావా వేసుకోవచ్చు, నిజమే. వాది దురుద్దేశంతో చేశాడని నిరూపించి, దావా తేలేదాకా ఆగి, అప్పీలు తేలేదాకా ఆగి. ఆ పని చేసి గెలిచినవాణ్ణి నేను కళ్లారా చూడలేదు.

కాబట్టి ఇవాళ తప్పు జప్తు ఖరీదు మోస్తున్నవాడు ప్రతివాది. అతని వెనక కూలీలు, అతనికి సరుకిచ్చిన రైతులు. అడిగి తెచ్చుకున్నవాడు కాదు. ఇంగ్లండులో వాది హామీ ఇస్తాడు. ఐరోపా దేశాల మధ్య ఖాతాలు ఆపే ఉత్తర్వుకు 2014లో ఒక నిబంధన చేసుకున్నారు. అక్కడ బాకీదారుడికి ముందుగా నోటీసు ఉండదు గానీ, తీర్పు చేతిలో లేని వాది సాధారణంగా సెక్యూరిటీ కట్టాలి. రెట్టింపు బాండు ఉన్నా చాలదని అమెరికా కొట్టేసింది. మన దగ్గర రూల్ 5 వాదిని ఏమీ అడగదు.

సెక్షన్ 95ను సవరించాలంటే పార్లమెంటు కావాలి. వాది దగ్గర హామీ తీసుకోవడానికి పార్లమెంటు అక్కర్లేదు. ఆర్డర్లూ రూల్సూ కోడ్ మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సెక్షన్ 122 వాటిని మార్చే, చేర్చే అధికారం హైకోర్టుకు ఇచ్చింది. సెక్షన్ 123 కింద రూల్ కమిటీ ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కావాలి, అంతే. మద్రాసు హైకోర్టు రోజుల నుంచి మనకు అలవాటైన పద్ధతే. 2019 జనవరి 1 నుంచి మనకు రెండు హైకోర్టులు, అంటే రెండు రూల్ కమిటీలు. ఒకటి ముందడుగు వేస్తే రెండోది చూసి నేర్చుకోవచ్చు.

నేను ప్రతిపాదించేది రూల్ 5 కింద నాలుగు చిన్న చేర్పులు. షరతు జప్తు కోరే వాది, ఆ జప్తు అనవసరమని తర్వాత తేలితే కోర్టు నిర్ణయించిన నష్టం చెల్లిస్తానని రాతపూర్వక హామీ ఇవ్వాలి, కోర్టు అవసరమనుకుంటే దానికి సెక్యూరిటీ కూడా. ఖాతా ఆపే ఉత్తర్వులో మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి, ఆ మొత్తానికి మించిన సొమ్మును బ్యాంకు ఆపకూడదు. జీతాలు, కూలి, కరెంటు, పన్నులు, ఉత్తర్వుకు ముందు రాసిన చెక్కులు జప్తు నుంచి మినహాయింపు, వాటి లెక్కను ప్రతివాది నెలకోసారి దాఖలు చేయాలి. ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ విషయంలో ఆర్డర్ 39 రూల్ 3ఎ ముప్పై రోజుల గడువు పెట్టింది. ఖాతా విషయంలో ప్రతివాది హాజరైన పద్నాలుగు రోజుల్లో తేల్చాలి, తేలకపోతే ఎందుకో జడ్జిగారు రాయాలి.

దీనికి ఎదురుగా వచ్చే ప్రశ్న నాకు తెలుసు, నిన్న ఈ పాఠం చదివిన జూనియర్ ఒకరు అడిగారు కూడా. వాది కంపెనీ కాకుండా మిర్చి అమ్మిన రైతు అయితే? ఐ.పి. పెట్టబోతున్న వ్యాపారి ఖాతా ఆపమని వచ్చినవాణ్ణి బ్యాంకు గ్యారంటీ తెమ్మంటే, జప్తు హక్కు డబ్బున్నవాడికే మిగులుతుంది. అందుకే హామీ అందరికీ తప్పనిసరి, సెక్యూరిటీ మాత్రం జడ్జి విచక్షణకు అని రాశాను. రైతుకు సొంత సంతకం చాలు. అడిగిన మొత్తం ఎంత, వాది స్థోమత ఎంత, ప్రతివాది పారిపోతున్నాడనడానికి ఆధారం ఎంత, ఈ మూడూ చూసి జడ్జి ఆ గీత గీయాలి. ఆ గీత ఎక్కడ గీయాలో నాకంటే ట్రయల్ కోర్టు బెంచి మీద రోజూ కూర్చునేవాళ్లకు బాగా తెలుసు. ముసాయిదా ప్రతులు బయట బల్ల మీద పెట్టించాను. మార్జిను వెడల్పుగా వదిలాను, అభ్యంతరాలు అందులోనే రాసి ఇవ్వండి.